కాడిలాక్, లింకన్, ఇంపీరియల్: 1960ల అమెరికన్ భారీ కార్లలో ఏది కొనాలి?

1960ల నాటి అమెరికన్ లగ్జరీ కార్లలో బాగా కట్టింది ఏదని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో పేరు చెబుతారు. వాళ్లలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు, కొలిచే కొలతలే వేరు. ఫ్యాక్టరీలో ఎంత శ్రద్ధగా బిగించారన్నది ఒక కొలత. బాడీ ఎంత దెబ్బకు ఓర్చుకుంటుందన్నది ఇంకొకటి. అరవై ఏళ్లు నడిచాక దాన్ని విప్పి, బాగుచేసి, మళ్లీ బిగించడం ఎంత సులువన్నది మూడోది. మొదటిదాంట్లో లింకన్‌ది పైచేయి, రెండోదాంట్లో ఇంపీరియల్‌ది, మూడోదాంట్లో కాడిలాక్‌ది. ఇవాళ సొంత డబ్బు పెట్టి కొనేవాళ్లు మూడో కొలతకే ఎక్కువ మార్కులు వేయాలన్నది మా మాట. ఫ్యాక్టరీ శ్రద్ధ ఎంత గొప్పదైనా దాని ఆయుష్షు ఎప్పుడో తీరిపోయింది. ఇప్పుడు మీ చేతికొచ్చే కారు నాణ్యత, తర్వాత దాని మీద చేయి వేసిన మెకానిక్‌ల నాణ్యత.

ఇక్కడ పోల్చేవి 1961-65 లింకన్ కాంటినెంటల్, 1965-70 కాడిలాక్ డివిల్, 1964-66 ఇంపీరియల్ క్రౌన్ (క్రైస్లర్ కంపెనీది). 1970 తర్వాతవాటి సంగతి చివర్లో క్లుప్తంగా చెప్తాం.

ఫ్రేమ్ ఉందా, లేదా

ఈ మూడింటి మధ్య అసలు తేడా ఇంజిన్‌లో లేదు, అడుగున ఉంది. కాడిలాక్‌కూ ఇంపీరియల్‌కూ విడిగా ఉక్కు ఫ్రేమ్ ఉంటుంది. దాని మీద రబ్బరు దిమ్మలు పెట్టి బాడీని బోల్టులతో బిగిస్తారు. లింకన్‌కు విడి ఫ్రేమ్ లేదు. ఫ్లోరు, డోర్ల కింద పెట్టెలా ఉండే రాకర్ సెక్షన్లు, కౌల్ (ముందు అద్దం కింది అడ్డ భాగం), వెనక వీల్ హౌసింగ్‌లు అన్నీ వెల్డింగ్‌తో కలిసిపోయి బాడీయే బరువు మోస్తుంది. దీన్నే యూనిబాడీ అంటారు.

కొనేవాడికి దీనివల్ల పడే తేడా తుప్పు దగ్గర తెలుస్తుంది. కాడిలాక్ ఫ్లోరుకు చిల్లు పడితే అది ఫ్లోరు పనే. కొత్త రేకు వేసి వెల్డ్ చేస్తే సరిపోతుంది, కారు బలం ఏమీ తగ్గదు. లింకన్ రాకర్‌కు చిల్లు పడితే అది కారు వెన్నుకు పడ్డట్టే. పైపైన రేకు అతికించి లప్పం పూసి రంగు కొడితే ఫొటోల్లో కొత్త పెళ్లికూతురిలా ఉంటుంది గానీ లోపలి పొర, మధ్య పొర అలాగే కుళ్లుతూ ఉంటాయి. సరిగ్గా చేయాలంటే కారుకు కింద నాలుగైదు చోట్ల ఆధారాలు పెట్టి, డోర్ల సందులు మారకుండా ఇనుప బద్దలు తాత్కాలికంగా వెల్డ్ చేసి, ఆ తర్వాతే కోయాలి. అలా చేయగల టింకరింగ్ షాపులు తక్కువ, చేసేవాళ్లు తీసుకునే డబ్బు ఎక్కువ.

ఫ్రేమ్ కార్లలోనూ ఒక మెలిక ఉంది. కాడిలాక్ 1957 నుంచి 1964 దాకా ఎక్స్ ఆకారంలో ఉండే ఫ్రేమ్ వాడింది. పక్కల నిలువు దూలాలు లేవు, అన్నీ మధ్యలో కలుస్తాయి. ఫ్లోరు కిందికి దించడానికి అది వీలు కల్పించింది గానీ, పక్క నుంచి ఏదైనా గుద్దితే అడ్డుపడే ఉక్కు అక్కడ లేదు. 1965లో చుట్టూ తిరిగే పెరిమీటర్ ఫ్రేమ్ వచ్చింది (పొడవాటి సిరీస్ 75 లిమోజిన్‌కు తప్ప). ఈ పోలిక కాడిలాక్ విషయంలో 1965 నుంచి మొదలవడానికి పెద్ద కారణం ఇదే.

లింకన్ కాంటినెంటల్, 1961-65

లింకన్ ఇంత శ్రద్ధ పెట్టడానికి కారణం అంతకు ముందు తిన్న దెబ్బ. 1958-60 మోడళ్లు 131 అంగుళాల వీల్‌బేస్‌తో (ముందు, వెనక చక్రాల మధ్య దూరం), యూనిబాడీతో వచ్చిన మహా భారీ కార్లు. అంత పెద్ద బాడీని ఫ్రేమ్ లేకుండా కట్టడం మొదట్లో కుదరలేదు, వెల్డింగ్‌లు పగిలాయి, నష్టాలు వచ్చాయి. 1961లో కొత్త కారును 123 అంగుళాల వీల్‌బేస్‌కు కుదించి, మిషిగన్‌లోని విక్సమ్ ఫ్యాక్టరీలో చాలా కట్టుదిట్టంగా తయారుచేశారు. ప్రతి ఇంజిన్‌నూ 3,500 ఆర్‌పీఎం దగ్గర మూడు గంటలు నడిపి, విప్పి చూసి, మళ్లీ బిగించేవాళ్లు. గేర్‌బాక్స్‌ను అరగంట నడిపేవాళ్లు. తయారైన ప్రతి కారునూ 12 మైళ్లు రోడ్డు మీద తిప్పి దాదాపు 200 అంశాలు సరిచూసేవాళ్లు. ఆయిల్‌లో మెరిసే రంగు కలిపి, అతినీలలోహిత దీపం కింద ఎక్కడ కారుతోందో వెతికేవాళ్లు. ఆ ధైర్యంతోనే 24 నెలలు లేదా 24,000 మైళ్ల వారంటీ ఇచ్చారు.

ఆ ఏడాది అమ్మింది 25 వేల కార్లు. కాడిలాక్‌లా ఏడాదికి లక్షన్నర, రెండు లక్షలు తయారుచేసే చోట ఈ పద్ధతి నడవదు.

సెడాన్‌లో ఇప్పటికీ దీని ఫలితం తెలుస్తుంది. వెనక డోరు వెనక వైపు కీలు మీద తెరుచుకుంటుంది. ముందు డోరూ వెనక డోరూ మధ్యనున్న పిల్లర్‌కే రెండు వైపుల నుంచి తాళం పడతాయి. ఆ నాలుగు డోర్ల సందులూ పై నుంచి కింది దాకా ఒకే వెడల్పులో ఉంటే, ఆ కారు ప్రమాదాలు చూడలేదని, రాకర్లు బాగున్నాయని దాదాపు చెప్పేయొచ్చు.

ఇక తలనొప్పులు. 430 క్యూబిక్ అంగుళాల వి8 మొండి ఇంజినే, కానీ దాని నిర్మాణం మామూలుది కాదు. సిలిండర్ హెడ్ అడుగు బల్లపరుపుగా ఉంటుంది, పేలుడు జరిగే గది బ్లాక్‌లోనే ఉంటుంది. పిస్టన్లు, గాస్కెట్‌లు దొరుకుతాయి గానీ కాడిలాక్, క్రైస్లర్ ఇంజిన్లకు దొరికినంత తేలిగ్గా, చవగ్గా దొరకవు. వైపర్లు కరెంటుతో నడవవు, పవర్ స్టీరింగ్ ఆయిల్ ఒత్తిడితో నడుస్తాయి. ఆ గొట్టాలు కారితే వైపరూ పోతుంది, స్టీరింగ్ ఆయిలూ పోతుంది. డోర్ లాక్‌లు ఇంజిన్ వ్యాక్యూమ్‌తో (ఇంజిన్ గాలి పీల్చే బలంతో) పనిచేస్తాయి. డాష్‌బోర్డు వెనకా డోర్ల లోపలా పాకిన సన్నటి రబ్బరు గొట్టాలు ఎండి పగిలిపోతే, ఏ లీకు ఎక్కడుందో వెతకడమే ఒక పూట పని.

చక్రాల సంగతీ తెలుసుకోవాలి. 1961-63 కార్లకు 14 అంగుళాల రిమ్ములు. 2.2 టన్నుల బరువు మోయగల 14 అంగుళాల టైర్లు ఇప్పుడు పాత కార్ల టైర్ల దుకాణాల్లోనే వెతుక్కోవాలి. మామూలు టైర్ షాపులో చేతికందే 14 అంగుళాల టైరు చిన్న కార్లది, దాని లోడ్ రేటింగ్ చాలదు, వేయకండి.

సంవత్సరాల మధ్య తేడా: 1963లో నాలుగు బ్యారెళ్ల కార్బొరేటర్, జనరేటర్ బదులు ఆల్టర్నేటర్ వచ్చాయి. 1964లో వీల్‌బేస్ 3 అంగుళాలు పెరిగి వెనక సీటులో కాళ్లు చాపుకునే చోటు వచ్చింది, అయితే అందమైన వంపు అద్దాలు పోయి పక్క అద్దాలు బల్లపరుపుగా మారాయి. 1965లో ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు వచ్చాయి. నడపడానికి కొంటే 1965 సెడాన్, చూసి మురిసిపోవడానికి కొంటే 1961-63.

కన్వర్టిబుల్ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే అందరూ మోజుపడేదీ అదే, డబ్బు ముంచేదీ అదే. నాలుగు డోర్ల కన్వర్టిబుల్‌లో స్విచ్ నొక్కితే డిక్కీ మూత వెనక్కి తెరుచుకుని, టాప్ మడతపడి అందులోకి దిగి, మూత మళ్లీ మూసుకుంటుంది. దీనికి ఎలక్ట్రిక్ మోటార్లు, హైడ్రాలిక్ సిలిండర్లు, వరసకట్టిన రిలేలు, లిమిట్ స్విచ్‌లు కావాలి. ఒక్కో అడుగు పూర్తయిందని లిమిట్ స్విచ్ చెబితేనే తర్వాతి రిలే పడుతుంది. ఒక్క స్విచ్ బ్రాకెట్ కొంచెం వంగినా మొత్తం తంతు సగంలో ఆగిపోతుంది, డిక్కీ మూత గాల్లో నిలబడుతుంది. మోటారు కాలిపోయిందని చాలామంది మోటార్లు మారుస్తారు, తీరా చూస్తే తప్పు స్విచ్ సర్దుబాటులోనో, తుప్పుపట్టిన గ్రౌండ్ వైరులోనో ఉంటుంది. వెనక డోరు హ్యాండిల్ తీయగానే దాని అద్దం కొన్ని అంగుళాలు తనంతట తాను కిందికి దిగాలి. దిగకపోతే ముందు అద్దం అంచుకు రాసుకుని రబ్బరు చిరుగుతుంది, ఒక్కోసారి అద్దమే పగులుతుంది. కొనే ముందు టాప్‌ను మూడుసార్లు పూర్తిగా దించి ఎత్తమనండి. మొదటిసారి చేయి వేసి సాయం పట్టే అమ్మకందారు మూడోసారికి అలిసిపోతాడు.

కాడిలాక్ డివిల్, 1965-70

కాడిలాక్‌లో మెచ్చుకోవలసింది ఎక్కడా కొట్టొచ్చినట్టు కనబడదు. విప్పేటప్పుడు తెలుస్తుంది. బోల్టులు స్పానర్ అందే చోటే ఉంటాయి. ఫెండర్లు వెల్డింగ్‌తో కాక బోల్టులతో, సర్దుబాటు రేకు ముక్కలతో బిగించి ఉంటాయి. టర్బో హైడ్రామాటిక్ 400 గేర్‌బాక్స్‌ను 1964లో కొన్ని మోడళ్లకు, 1965లో దాదాపు అన్నిటికీ ఇచ్చారు. ఇదే గేర్‌బాక్స్ తర్వాత ఎన్నో బ్రాండ్ల కార్లలోనూ ట్రక్కుల్లోనూ తిరిగింది కాబట్టి, అమెరికాలో ఏ చిన్న ఊళ్లోనైనా దీన్ని విప్పగల మనిషి దొరుకుతాడు. 1965-67 వాటిలో టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) రెక్కలు కోణం మార్చుకునే రకం. రిపేరులో దాన్ని మామూలు కన్వర్టర్‌తో మార్చేసి ఉండొచ్చు, అది లోపం కాదు గానీ అడిగి తెలుసుకోండి.

1965-67లో 429 క్యూబిక్ అంగుళాల ఇంజిన్. ఇది 1963లో కొత్తగా గీసిన బ్లాక్. ముందు భాగంలో అల్యూమినియం పోత కవర్ ఉంటుంది. వాటర్ పంపు, ఆయిల్ పంపు, డిస్ట్రిబ్యూటర్, ఫ్యూయల్ పంపు అన్నీ దాన్నే ఆధారం చేసుకుని ఉంటాయి. కూలెంట్ ఏళ్ల తరబడి మార్చకుండా వదిలేస్తే, లేక ఉత్త నీళ్లు పోసి నడిపితే, ఆ అల్యూమినియం లోపల్నుంచి తినేస్తుంది. రేడియేటర్ మూత తీసి చూడండి. గోధుమరంగు బురద కనిపిస్తే ఆ కవర్ ఖర్చును మీ లెక్కలో వేసుకోవాల్సిందే.

1968లో 472 వచ్చింది. మూడు కార్లలోనూ అలుపెరగని ఇంజిన్ ఇదే అనిపిస్తుంది. ఒక్క మెలిక: కామ్‌షాఫ్ట్ (వాల్వులు తెరిచే ఇరుసు) గేరు పళ్లకు నైలాన్ తొడుగు. చప్పుడు తగ్గించడానికి అలా చేశారు. ఏళ్లు గడిచి, వేడికి నైలాన్ పెళుసెక్కి రాలుతుంది. రాలిన ముక్కలు ఆయిల్ సంప్‌లో పడి, ఆయిల్ పీల్చే జల్లెడకు అడ్డుపడతాయి. చైన్ జారితే ఇంజిన్ ఆగిపోతుంది, జల్లెడ మూసుకుపోతే బేరింగులే పోతాయి. గేరు మార్చిన బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకోండి. ఇనుప పళ్ల గేరు, కొత్త చైన్ వేసేటప్పుడు సంప్ దించి జల్లెడ కడగకపోతే సగం పనే చేసినట్టు. (ఈ నైలాన్ పళ్ల తెలివితేటలు కాడిలాక్ ఒక్కదానివే కావు, ఆ కాలపు చాలా అమెరికన్ వి8లకు ఉన్నాయి.)

బ్రేకుల్లో ఈ మూడింట్లో కాడిలాక్ ముందు. 1962లోనే రెండు భాగాల మాస్టర్ సిలిండర్ పెట్టింది: ఒక గొట్టం పగిలినా రెండు చక్రాలకైనా బ్రేకు మిగులుతుంది. 1967కు ముందు కార్లలో చాలావాటికి ఒకే సర్క్యూట్. ఏ కారు దగ్గరకు వెళ్లినా బానెట్ ఎత్తి మాస్టర్ సిలిండర్ నుంచి ఒక్క గొట్టమే బయల్దేరుతోందా, రెండా చూడండి. ఒక్కటే అయితే రబ్బరు హోస్‌లన్నీ మార్చేదాకా ఊళ్లో మెల్లగా కూడా నడపొద్దు. పెడల్ కిందికి పోయిందంటే నాలుగు చక్రాలకూ ఒకేసారి పోతుంది.

తుప్పు చూడాల్సిన చోట్లు: వెనక అద్దం అడుగు అంచు, వెనక చక్రాల వెనక భాగం, డిక్కీ ఫ్లోరు రెండు పక్కల గుంటలు, వెనక చక్రాల మీదుగా ఫ్రేమ్ పైకి వంగే చోటు. వినైల్ టాప్ ఉన్న కారైతే మరింత జాగ్రత్త. వినైల్ కింద నీళ్లు నిలిచి రేకు తింటుంది, పైకి నీటిబుడగల్లా ఉబ్బు తప్ప ఏమీ తెలియదు. ఆ ఉబ్బును బొటనవేలితో నొక్కితే కరకరమంటుంటే అడుగున రేకు లేదన్నమాట. అక్కడి నుంచి కారిన నీళ్లే డిక్కీ ఫ్లోరును కూడా తింటాయి, రెండూ జంటగానే వస్తాయి.

లోపలి పనితనంలో 1965-66 కార్లు తర్వాతవాటికన్నా మెరుగు. స్విచ్‌ల చుట్టూ లోహం ఎక్కువ, ప్లాస్టిక్ తక్కువ. 1964లో వచ్చిన ఆటోమేటిక్ క్లైమేట్ కంట్రోల్ చెడిపోతే భయపడాల్సింది ధరకు కాదు, ఓపికకు. వేడి పసిగట్టే సెన్సర్లు, కరెంటును వ్యాక్యూమ్‌గా మార్చే ట్రాన్స్‌డ్యూసర్, గాలి దారుల తలుపులు కదిపే సర్వో, వాటి మధ్య గొట్టాలు వరసగా పరీక్షించాలి. షాపు మాన్యువల్ లేకుండా దిగితే ఆ పని ముగియదు.

నడపడానికే అయితే ముందు డిస్క్ బ్రేకులున్న 1969 లేదా 1970 సెడాన్ డివిల్ చూడండి. పనితనం కోసమైతే 1966.

ఇంపీరియల్ క్రౌన్, 1964-66

క్రైస్లర్ మిగతా కార్లన్నిటినీ 1960లో యూనిబాడీకి మార్చినా ఇంపీరియల్‌ను మాత్రం 1966 దాకా విడి ఫ్రేమ్ మీదే ఉంచింది. 129 అంగుళాల వీల్‌బేస్, 228 అంగుళాల పొడవు, 2.25 టన్నుల బరువు. కార్లను ఒకదానితో ఒకటి గుద్దించే డెమాలిషన్ డెర్బీల్లో చాలాచోట్ల 1964-66 ఇంపీరియల్‌ను నిషేధించారు, మిగతా కార్లు దీని ముందు నిలబడలేక. బాడీ బలం గురించి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

మెకానికల్ భాగాలు కూడా భేషుగ్గా ఉంటాయి. 413 (1966లో 440) ఇంజిన్‌కు ఫోర్జింగ్ చేసిన ఉక్కు క్రాంక్, వెనక టార్క్‌ఫ్లైట్ గేర్‌బాక్స్. ఇవి క్రైస్లర్ కుటుంబంలో అందరూ వాడినవే కాబట్టి భాగాలకు కొదవ లేదు. ముందు సస్పెన్షన్‌కు కాయిల్ స్ప్రింగులు కాక టోర్షన్ బార్లు (మెలితిరుగుతూ బరువు మోసే ఉక్కు కడ్డీలు). ఇంపీరియల్ మూల మలుపులో మిగతా రెండింటికన్నా నిలకడగా ఉండటానికి అవే కారణం. కారు ముందు భాగం ఒక వైపు వాలితే స్ప్రింగు పోయిందని కంగారుపడకండి, బార్ చివర సర్దుబాటు బోల్టు తిప్పితే ఎత్తు వస్తుంది. బార్ వెనక చివర కూర్చునే అడ్డ దూలం తుప్పుపట్టి ఉంటేనే భయపడాలి.

మరి దీన్నెందుకు ముందు పెట్టలేదు? 1964లో 23 వేల చిల్లర కార్లే అమ్ముడుపోయాయి, తర్వాతి రెండేళ్లూ అంతకన్నా తక్కువే. ఇంజిన్ భాగాలు పుష్కలం, కానీ బాడీ భాగాలు, అద్దాలు, క్రోము బద్దలు ఇంపీరియల్‌కు తప్ప వేరే దేనికీ పనికిరావు, కొత్తగా ఎవరూ పోత పోయడం లేదు. 1965-66లో హెడ్‌లైట్ల మీద గాజు మూతలు ఉంటాయి. ఒకటి పగిలితే ఇంకో ఇంపీరియల్ నుంచి ఊడదీసింది దొరికేదాకా ఆగాలి. అలంకార భాగాల్లో చాలావరకు జింకు మిశ్రమం పోతలు. వాటి మీద క్రోము పొక్కులు లేస్తే ఇత్తడి, ఉక్కు భాగాల్లా రుద్ది మళ్లీ ప్లేటింగ్ వేస్తే కుదరదు. ఒక్కో గుంటనూ తొలిచి, రాగి నింపి, సానబెట్టాలి. అందుకే ఇంపీరియల్ కొనేటప్పుడు ఇంజిన్ చప్పుడు కన్నా క్రోము, అద్దాలు ముఖ్యం. ఆగిపోయిన ఇంజిన్‌తో నిండుగా ఉన్న కారు, బాగా నడుస్తూ గ్రిల్ లేని కారు రెండూ ఒకే ధరకు వస్తే మొదటిదే తీసుకోండి.

చక్రం విప్పేటప్పుడు ఒక హెచ్చరిక. ఆ కాలపు క్రైస్లర్ కార్లలో ఎడమ వైపు చక్రాల నట్లకు ఎడమ మర ఉంటుంది. అంటే వదులుచేయాలంటే మామూలుగా బిగించే దిశలో తిప్పాలి. స్టడ్ చివర ఎల్ అక్షరం చెక్కి ఉంటుంది. ఇది తెలియక టైర్ షాపుల్లో ఎయిర్ గన్ పెట్టి స్టడ్‌లు తెంపేయడం మామూలే. 1964 వరకు వెనక యాక్సిల్ చివర కోసుగా ఉండి బ్రేక్ డ్రమ్ దానికి గట్టిగా కరుచుకుంటుంది. సుత్తితో కొడితే రాదు, కొడితే యాక్సిల్ బేరింగు పాడవుతుంది. హబ్‌ను పట్టి లాగే బరువైన పుల్లర్ కావాలి. వెనక బ్రేకులు ఎప్పుడు చేయించారని అడిగినప్పుడు అమ్మకందారు నసిగితే, ఆ డ్రమ్ దశాబ్దాలుగా ఊడలేదని అర్థం. ఈ తంటా వద్దనుకుంటే 1965 లేదా 1966 కారు చూడండి. 1964 దాకా ఉన్న పుష్ బటన్ గేర్లు ముచ్చటగా ఉంటాయి, వాటి కేబుల్ సర్దుబాటు తెలిసిన మెకానిక్ ఉంటేనే ముచ్చట.

కారు ముందు నిలబడి చూసేది

తీసుకెళ్లాల్సినవి: మంచి జాకీ, టార్చి, గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం, వ్యాక్యూమ్ గేజి, పాత దుస్తులు. కారు చల్లగా ఉన్నప్పుడే వెళ్లండి. మీరు వచ్చేసరికి ఇంజిన్ వేడిగా ఉందంటే, చల్లటి స్టార్టు మీకు చూపించడం ఇష్టం లేదన్నమాట.

మొదట డోర్లు. ఒక్కో డోరు సగం తెరిచి, చివర పట్టుకుని పైకి ఎత్తండి. పైకీ కిందికీ ఆడితే కీలు పిన్నులు అరిగాయి. ఈ కార్ల డోర్లు చాలా బరువు, డ్రైవర్ డోరు కొంచెం ఆడటం సహజం. పిన్నులు, బుష్‌లు మారిస్తే పోతుంది. కీలు గట్టిగానే ఉండి డోరు మాత్రం తాళం దగ్గర కిందికి తగులుతుంటే అప్పుడు అనుమానించాల్సింది బాడీని.

లింకన్‌కు జాకీ పరీక్ష తప్పనిసరి. డోర్లు మూసి ఉంచి, ముందు డోరుకూ వెనక డోరుకూ మధ్య సందులో పైనా కిందా అమెరికన్ క్వార్టర్ (25 సెంట్ల) నాణేలు దూర్చి ఎన్ని పడుతున్నాయో చూడండి (ఒక్కో నాణెం 1.75 మిల్లీమీటర్లు). తర్వాత ముందు చక్రం వెనక, బలమైన చోట జాకీ పెట్టి, చక్రం నేల వదిలేదాకా ఎత్తండి. మళ్లీ నాణేలు పెట్టండి. సెడాన్‌లో ఒక నాణెం కన్నా ఎక్కువ తేడా వస్తే రాకర్ లోపల ఏదో సడలిపోయింది. డోరు తెరుచుకోవడమే కష్టమైతే బేరం అక్కడితో ఆపేయండి. జాకీ పెట్టిన చోటే రేకు లోపలికి కుంగితే ఇక చెప్పేదేముంది.

అయస్కాంతాన్ని రాకర్ల మీదుగా, చక్రాల తోరణాల చుట్టూ, డోర్ల అడుగు అంచుల మీదుగా జార్చండి. పట్టు వదిలేసిన చోట లప్పం ఉంది. కాడిలాక్‌లో టాప్, వెనక ఫెండర్ కలిసే అతుకులో ఫ్యాక్టరీయే సీసం నింపింది, అక్కడ అయస్కాంతం అంటదు. అది చూసి కారును వదులుకోకండి.

ఇంజిన్ వేడెక్కాక వ్యాక్యూమ్ గేజిని మానిఫోల్డ్‌కు (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టాలకు) తగిలించండి. ఐడ్లింగ్‌లో సూది 17-21 అంగుళాల (పాదరసం కొలత) మధ్య కదలకుండా ఉండాలి. నిలకడగానే ఉన్నా తక్కువ చూపిస్తుంటే బయటికి పోయే లైన్లన్నీ (లాక్‌లు, హీటర్, హ్యాండ్‌బ్రేక్ విడుదల) ఒక్కొక్కటే మూసి చూడండి. ఏది మూస్తే సూది లేస్తుందో లీకు అక్కడ. సూది క్రమంగా కొట్టుకుంటే అది వాల్వు సంగతి, గొట్టాలది కాదు. గేర్‌బాక్స్ ఆయిల్‌ను ఇంజిన్ నడుస్తుండగా, వేడి మీద, పార్క్‌లో (ఇంపీరియల్‌కైతే న్యూట్రల్‌లో) చూడాలి. కాలిన వాసన వస్తే బేరంలో గేర్‌బాక్స్ ఓవర్‌హాల్ ఖర్చు తగ్గించండి.

ఎక్కడి కారన్నది సగం నాణ్యత. మిషిగన్, ఒహాయో, న్యూజెర్సీల్లో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ కారు పైన ఎంత మెరిసినా లిఫ్ట్ మీదికి ఎక్కించి కింద చూడాల్సిందే. ఆరిజోనా, పశ్చిమ టెక్సస్ కార్లకు రేకు గట్టిగా ఉంటుంది గానీ ఎండకు డాష్‌బోర్డు పగిలి, సీట్లు చిట్లి, డోర్ల రబ్బరు బీడింగ్ రాయిలా ఉంటుంది. డాలస్‌లో ఉండే మనవాళ్లకు ఇది కలిసొచ్చే సంగతి. న్యూజెర్సీలో ఉన్నవాళ్లయినా లారీ కిరాయి పెట్టుకుని దక్షిణం నుంచి తెప్పించుకోవడమే లాభం. సీటు కుట్టించడం తేలిక, వెన్ను వెల్డ్ చేయించడం కష్టం.

కొనకముందే ఇంట్లో టేపు పట్టండి. అమెరికన్ ఇళ్ల గ్యారేజ్ లోతు సాధారణంగా 20 అడుగులు. 1961 లింకన్ 17 అడుగుల 8 అంగుళాలు, 1965 డివిల్ 18 అడుగుల 8 అంగుళాలు, ఇంపీరియల్ దాదాపు 19 అడుగులు. గోడకు వాటర్ హీటరో, అలమరలో ఉంటే ఇంపీరియల్ మీద ఆశ వదులుకోండి. వెడల్పు మూడింటికీ 80 అంగుళాలకు అటూ ఇటూగా. ఒక కారు పట్టే 8 అడుగుల గ్యారేజ్ తలుపులో ఒక్కో పక్క మిగిలేది ఎనిమిది అంగుళాలే.

1970 తర్వాతి కార్ల మాట

1970లో లింకన్ మళ్లీ విడి ఫ్రేమ్‌కు వచ్చింది, 460 ఇంజిన్‌తో. ఆ ఇంజిన్, గేర్‌బాక్స్ మొండివే. 1971-76 కాడిలాక్‌లు అంతకన్నా పెద్దవి, మెత్తగా నడుస్తాయి, కానీ లోపల ప్లాస్టిక్ పెళుసెక్కి పగులుతుంది. 70లలో బంపర్‌కూ ఫెండర్‌కూ మధ్య పెట్టిన మెత్తటి పూరణ ముక్కలు చేతికి పొడిపొడిగా రాలతాయి. అవి కొత్తవి దొరుకుతాయి, రంగు కలిపించుకోవాలి. 1977-79 డివిల్ పరిమాణం తగ్గినా పనితనం మెరుగే, 425 ఇంజిన్ నమ్మదగ్గది. ఆ తర్వాత జాగ్రత్త: సిలిండర్లు తనంతట తాను ఆపుకునే 1981 వి8-6-4, హెడ్ బోల్టులు తట్టుకోని 5.7 లీటర్ డీజిల్, కూలెంట్ ఆయిల్‌లో కలిసిపోయే 1982 నాటి హెచ్‌టీ 4100 ఉన్న కారు ఎంత చవగ్గా వచ్చినా దాని వైపు చూడకండి.

మరి ఏది?

సొంతంగా స్పానర్ పట్టేవాళ్లకూ, మొదటిసారి కొనేవాళ్లకూ కాడిలాక్ సెడాన్ డివిల్. కన్వర్టిబుల్ కాదు, వినైల్ టాప్ లేనిది. దగ్గర్లో యూనిబాడీ తెలిసిన టింకరింగ్ మనిషి ఉండి, చేతిలో డబ్బు ఉండి, తుప్పులేని కారు దొరికితే లింకన్ సెడాన్. ఆ మూడింట్లో ఒక్కటి లేకపోయినా వద్దు. లింకన్ కన్వర్టిబుల్‌ను, దాని మీద ముందు యజమాని పెట్టిన ఖర్చుకు బిల్లులన్నీ చూపిస్తే తప్ప ముట్టుకోవద్దు. ఎవరో అప్పటికే బాగుచేయించిన ఖరీదైన కారే చివరికి చవక. ఇంపీరియల్ మాత్రం ఏ భాగమూ లోపించని కారు దొరికినప్పుడే, వెతుకుడు సరదాగా అనిపించేవాళ్లకే.

ఏది తెచ్చుకున్నా రోడ్డెక్కే ముందు చేయాల్సినవి: బ్రేక్ హోస్‌లు మూడూ కొత్తవి, బ్రేక్ ఫ్లూయిడ్ మొత్తం మార్పు. పెట్రోలు గొట్టాలన్నీ ఇథనాల్‌ను తట్టుకునేవి వేయాలి, పాతవి లోపల్నుంచి మెత్తబడి ఇంజిన్ మీదే కారతాయి. ఆయిల్‌లో జింక్, ఫాస్ఫరస్ పాళ్లు ఒక్కోటి 1,000 పీపీఎం దాటి ఉండాలి, ఈ ఇంజిన్ల కామ్‌షాఫ్ట్ లాబ్‌లు ఇవాళ్టి కార్ల ఆయిల్‌కు అరిగిపోతాయి. టైరు పక్కన డాట్ కోడ్ చివరి నాలుగు అంకెలు చూడండి: మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. మూడే అంకెలుంటే ఆ టైరు 2000కు ముందుది, గాలి కూడా కొట్టకుండా తీసేయండి. 8.00-15 టైర్లతో వచ్చిన డివిల్‌కు 235/75ఆర్15 రేడియల్ సరిపోతుంది. స్టెప్నీని మర్చిపోకండి, డిక్కీలో తయారైనప్పటిదే ఇంకా పడి ఉండే అవకాశం ఎక్కువ.